అటక మీంచి దించిన బ్యాటరీ రేడియోను మళ్ళీ పలికించడం ఎలా?

తాతగారి ఇంటి అటక మీంచి ఒక చెక్క రేడియో దించారనుకుందాం. వెనక అట్ట విప్పితే లోపల చిటికెన వేలంత గాజు బుడ్లు (వాల్వులు) నాలుగు కనిపించాయి, గోడ ప్లగ్గుకి పెట్టే వైరు మాత్రం లేదు. వైరు ఎలకలు కొట్టేశాయనుకోకండి. దానికి అసలు వైరే లేదు. కరెంటు లేని ఊళ్ళ కోసం చేసిన సెట్టు అది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లోనే మొదలైనా, తీగలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా ఊరికొక్క బ్యాటరీ రేడియో ఉంటే అదే గొప్ప. అందుకే మన వైపు అటకల మీద ఇవి ఇంకా దొరుకుతున్నాయి.

మా పెదనాన్న దగ్గర అలాంటిదే ఉండేది. చీపురుపల్లికి అవతల ఊరు. ఆయన రేడియో వెనక్కి నేను తొంగి చూసినప్పుడల్లా ఒకటే మాట: “ఒరే గుంటడా, అందులో ఏటీ తగిలించీకు, బుడ్లు మాడిపోతాయి.” ఆయన పోయాక చాలా ఏళ్ళకి సెట్టు నా చేతికొచ్చింది. వెనక వేలాడుతున్న నాలుగు వైర్లకి 90 వోల్టులు తయారు చేసుకొచ్చి, ఏది ఏదో అంచనా మీద తగిలించాను. చప్పుడు కూడా కాలేదు. బుడ్లలో ఒక్క మెరుపు, అంతే. నాలుగు వాల్వులూ ఒకేసారి పోయాయి. ఈ వ్యాసంలో సగం ఆ పొరపాటు మీరు చేయకుండా ఉండటం కోసమే రాస్తున్నాను. మిగతా సగం స్పీకర్ల గురించి, ఎందుకంటే ఈ సెట్లలో నాకు ఎక్కువ ఇష్టమైనవి అవే.

ముందు ఏ రకమో తేల్చుకోండి

వాల్వు మీద పేరు చదవండి. ఆ తెల్ల అక్షరాలు చెమట వేలితో తుడిస్తే పోతాయి, మళ్ళీ రావు. నోటి ఆవిరి పట్టించి, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. పేరు ‘డీ’ అక్షరంతో మొదలైతే దాని ఫిలమెంటు, అంటే లోపల వేడెక్కే సన్నని తీగ, 1.4 వోల్టులది. మామూలుగా వరస ఇలా ఉంటుంది: డీకే 91, డీఎఫ్ 91, డీఏఎఫ్ 91, చివర డీఎల్ 92 గానీ డీఎల్ 94 గానీ. అమెరికా పేర్లయితే ఇవే 1ఆర్5, 1టీ4, 1ఎస్5, 3ఎస్4, 3వీ4. తర్వాత వచ్చిన 96 వరస ఇంకా పొదుపైనది. 91 వరసలో మొదటి మూడు వాల్వులూ తలా 50 మిల్లీ ఆంపియర్లు తాగితే, 96 వరసలో 25తో సరిపెట్టుకుంటాయి. డీకే వాల్వు ఏరియల్ తెచ్చిన స్టేషన్‌ని లోపల ఉపయోగపడే ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది, డీఎఫ్ దాన్ని పెంచుతుంది, డీఏఎఫ్ అందులోంచి మాటనూ పాటనూ విడదీస్తుంది, డీఎల్ స్పీకర్ని కదిలిస్తుంది. ఇంతకంటే సిద్ధాంతం ఇప్పుడు అక్కర్లేదు.

పేరు ‘కే’తో మొదలైతే అది 2 వోల్టుల వాల్వు. గాజు జాడీలో యాసిడ్ పోసిన సీసపు అక్యుములేటర్ల కాలం నాటిది. ‘ఈ’తో మొదలైతే 6.3 వోల్టులది. అలాంటి సెట్టు కారు బ్యాటరీ మీద నడిచేది, దాంట్లో అల్యూమినియం డబ్బాలో వైబ్రేటర్ అనే పరికరం గుయ్‌మని మోగుతూ హై వోల్టేజి తయారు చేసేది. ఆ బ్యాటరీని ఛార్జింగ్‌కి బండి మీద పట్నం మోసుకుపోవడం ఒక పెద్ద పని. ఆ రెండు రకాలకీ పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేది 1.4 వోల్టుల సెట్ల గురించే. ఇంకో మెలిక కూడా ఉంది. కరెంటు మీదా బ్యాటరీ మీదా రెండు విధాలా నడిచే చేతిసంచి రేడియోల్లో ఫిలమెంట్లు దండలో పువ్వుల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వాటికి 7.5 లేదా 9 వోల్టులు కావాలి. వెనక అతికించిన కాగితం మీద “90 వోల్టులు, 1.5 వోల్టులు” అని ఉంటే మీది మామూలు సెట్టే.

ఇంట్లో కరెంటు మీద నడిచే వాల్వు రేడియోకీ దీనికీ అసలు తేడా ఫిలమెంటులో ఉంది. అక్కడ లోపల ఒక హీటరు, దాని చుట్టూ గొట్టం. ఇక్కడ వెంట్రుక కంటే సన్నని తీగే అన్నీ. స్విచ్చి వేయగానే పలుకుతుంది, అది దాని గొప్ప. ఒక్క తప్పుడు వైరుతో చస్తుంది, అది దాని బలహీనత. మన సెల్‌ఫోన్ ఛార్జరు ఇచ్చే 5 వోల్టులు కూడా దానికి మృత్యువే. లిథియం సెల్లు 3.7 కూడా అంతే.

స్విచ్చి జోలికి పోకుండా

ముందు ఫోనుతో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడ ఉందో రేపు గుర్తుండదు. మెత్తని పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపండి. మన వైపు అటకల్లో బల్లి గుడ్లు, కందిరీగ మట్టిగూళ్ళు, చెద మట్టి, చింతపండు బుట్టల పక్కన పెట్టిన వాసన అన్నీ వస్తాయి. సముద్రం దగ్గర ఊరైతే రాగి మీద చిలుము తప్పదు. స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్ రేకుల్లో బ్రష్షు పెట్టేటప్పుడు ఒక్క రేకు వంగినా డయల్ సగం పనిచేయదు, జాగ్రత్త. పాత బ్యాటరీ లోపలే వదిలేసి ఉంటే అది కారి రేకుని తినేసి ఉంటుంది. దాన్ని తీసి, తడి గుడ్డతో, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవండి. కాయిళ్ళ మీదున్న మరలు, డబ్బాల్లో ఉన్న చిన్న తిరుగుడు మరలు మాత్రం బిగించకండి, వదులు చేయకండి. ఎప్పుడో ఫ్యాక్టరీలో పెట్టిన లెక్క అది. “కొంచెం వదులుగా ఉంది కదా” అని బిగించినవాళ్ళ సెట్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

ఇప్పుడు వాల్వులు ఒక్కొక్కటే నిలువుగా, ఊపకుండా లాగండి. కింద ఏడు పుల్లలు ఉంటాయి, ఒక చోట ఖాళీ. పుల్లల వైపు నుంచి చూస్తూ ఆ ఖాళీ దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే దిక్కున లెక్కపెడితే మొదటిదీ ఏడవదీ ఫిలమెంటు కొసలు. డిజిటల్ మల్టీమీటరు ఓమ్‌ల మీద పెట్టి ఆ రెండింటికీ తాకించండి. కొన్ని ఓమ్‌లు చూపిస్తే ఫిలమెంటు బతికుంది. ఏమీ చూపకపోతే తెగింది. ముల్లు మీటరు వాడొద్దు. తక్కువ ఓమ్‌ల స్కేలు మీద అది లోపలి సెల్లు నుంచి ఫిలమెంటు తట్టుకోలేనంత కరెంటు పంపొచ్చు, 25 మిల్లీ ఆంపియర్ల వాల్వుని పరీక్షలోనే చంపేయగలదు. మన పాత రేడియో మేస్త్రీలు ముల్లు మీటరునే నమ్మేవారు, నిజమే. కానీ వాళ్ళకి ఏ స్కేలు వాడకూడదో చేతికి తెలుసు.

చీకట్లో చూసినా ఈ వాల్వులు వెలగడం దాదాపు కనపడదు. కాబట్టి తర్వాత సెట్టు ఆన్ చేసినప్పుడు “వెలగట్లేదు, పోయింది” అని కంగారు పడొద్దు.

మార్చాల్సినవి, వదిలేయాల్సినవి

షాసీ, అంటే భాగాలన్నీ బిగించిన రేకు చట్రం, తిరగేస్తే మైనం పూసిన కాగితపు గొట్టాల్లాంటి కండెన్సర్లు కనిపిస్తాయి. మన ఉక్కపోతకి ఆ మైనం నెర్రెలిచ్చి, లోపలి కాగితం చెమ్మ పట్టి, కరెంటు కారుతూ ఉంటుంది. అన్నింటినీ మార్చడం మంచిది. ఒక్కటి మాత్రం మార్చకుండా సెట్టు ఆన్ చేయొద్దు: డీఏఎఫ్ వాల్వు ఆనోడు (పాట బయటికొచ్చే కొస) నుంచి డీఎల్ వాల్వు గ్రిడ్డుకి (పాట లోపలికి పోయే కొస) వెళ్ళేది. 0.005 నుంచి 0.01 మైక్రోఫారడ్ మధ్య ఉంటుంది. ఇది కారితే డీఎల్ గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజి వెళ్ళి, ఆ వాల్వు అడ్డూ అదుపూ లేకుండా కరెంటు లాగుతుంది. పాట గరగరమంటుంది, బ్యాటరీ మూడు రోజుల్లో అయిపోతుంది. 400 వోల్టుల పాలియెస్టర్ కండెన్సర్ రూపాయల్లో దొరుకుతుంది. రెండోది 90 వోల్టుల మీద అడ్డంగా ఉండే ఎలక్ట్రోలైటిక్, మామూలుగా 8 మైక్రోఫారడ్. దానికి బదులు 10 మైక్రోఫారడ్, 160 వోల్టులది వేయండి, ప్లస్ మైనస్ చూసుకుని. పాతది తీసేశాక దాని డొల్లలో కొత్తది దాచిపెట్టి పైన మైనం పోసేవాళ్ళున్నారు. అందంగానే ఉంటుంది, ఓపిక ఉంటే చేసుకోండి.

చదునుగా, గోధుమరంగు బిళ్ళల్లా ఉండేవి మైకా కండెన్సర్లు. మన గూడూరు గనుల్లో తీసే మైకా లాంటిదే లోపల పొరలుగా ఉంటుంది. వాటి జోలికి పోకండి, ఇంకో యాభై ఏళ్ళు ఉంటాయి. రెసిస్టర్లు కాలం గడిచే కొద్దీ విలువ పెరుగుతాయి. రాసి ఉన్నదాని కంటే పావు వంతు ఎక్కువ చూపిస్తే మార్చండి, లేకపోతే వదిలేయండి.

ఒక రెసిస్టర్ని మాత్రం వెతికి గుర్తుపెట్టుకోండి. 90 వోల్టుల మైనస్సుకీ షాసీకీ మధ్య కొన్ని వందల ఓమ్‌లది ఉంటుంది. సెట్టు తాగే కరెంటంతా దాని గుండా పోతూ డీఎల్ గ్రిడ్డుకి కావలసిన మైనస్ వోల్టేజి తయారు చేస్తుంది. దీన్నే బయాస్ రెసిస్టర్ అంటారు. అందుకే చాలా సెట్లలో రెండు బ్యాటరీల మైనస్సుల్నీ బయట కలపకూడదు. “మైనస్సులన్నీ ఒకటే కదా” అని ఒకే వైరుకి ముడేస్తే ఆ రెసిస్టర్ పని పోతుంది, పాట పాడవుతుంది.

90 వోల్టులు ఎక్కడి నుంచి?

పాత 90 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు ఏ కొట్టులో అడిగినా మనల్ని వింతగా చూస్తారు. అవసరం లేదు. మల్టీమీటరులో వేసే 9 వోల్టుల చిన్న బ్యాటరీలు పది తెచ్చి, ఒకదాని మగ గుండీ పక్కదాని ఆడ గుండీలో ఎదురెదురుగా నొక్కుతూ పోతే 90 వోల్టులు. సెట్టు లాగేది 10 మిల్లీ ఆంపియర్ల చుట్టూ కాబట్టి రోజుకో గంట వింటే నెల దాకా వస్తాయి. ఫిలమెంట్లకి టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు ఒకటి చాలు. 91 వరస నాలుగు వాల్వులూ కలిసి 250 మిల్లీ ఆంపియర్లు తాగుతాయి, 96 వరస అయితే అందులో సగం. ఒక్క సెల్లు తొందరగా నీరసిస్తే రెండు పక్కపక్కన పెట్టి ప్లస్సు ప్లస్సుకి, మైనస్సు మైనస్సుకి కలపండి. ఒకదాని నెత్తిన ఒకటి మాత్రం పెట్టకండి, అది 3 వోల్టులైపోతుంది.

5 వోల్టులని 90 చేసే చిన్న కన్వర్టరు బోర్డులు దొరుకుతాయి. నేను రెండు కొని పక్కన పడేశాను. అవి చేసే కీచుమనే చప్పుడు రేడియోలోనే వినిపిస్తుంది. బ్యాటరీ రేడియోలో నాకు నచ్చేదే ఆ నిశ్శబ్దం, దాన్ని పోగొట్టుకుని వినడమెందుకు?

90 వోల్టుల డీసీని చిన్నచూపు చూడొద్దు. తడి చేతికి గట్టిగా కొడుతుంది. పది బ్యాటరీల దండని అట్టపెట్టెలో పెట్టి, పైకి రెండు వైర్లే వచ్చేలా టేపు చుట్టండి. చిన్నపిల్లలున్న ఇల్లైతే మరీ.

మొదటిసారి

ఇది తొందరపడకుండా చేయాల్సిన ఘట్టం. వాల్వులన్నీ బయటే ఉండాలి. 90 వోల్టుల ప్లస్ వైరుకి వరసలో 4.7 కిలో ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టరు ఒకటి పెట్టండి. ఎక్కడ ఏ తప్పు జరిగినా ఇది 19 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వదు, అంటే 25 మిల్లీ ఆంపియర్ల ఫిలమెంటు కూడా బతికిపోతుంది. ఆ రోజు నా దగ్గర ఈ చిన్న రెసిస్టరు ఉండి ఉంటే!

రెండు బ్యాటరీలూ తగిలించి సెట్టు ఆన్ చేయండి. మీటరు వోల్టుల మీద పెట్టి ఒక్కో సాకెట్టులో ఒకటికీ ఏడుకీ మధ్య కొలవండి. 1.5 దగ్గర రావాలి. డీఎల్ వాల్వు సాకెట్టు వేరు, దాని ఫిలమెంటు రెండు ముక్కలుగా ఉంటుంది. చాలా సెట్లలో అక్కడ ఒకటీ ఏడూ కలిసిపోయి ఉంటాయి, అవతలి కొస ఐదో పుల్ల. ఐదుకీ ఒకటికీ మధ్య కొలవండి. ఎక్కడైనా పదులలో వోల్టులు కనిపిస్తే వెంటనే తీసేసి, వైర్లు మళ్ళీ వెతకండి. అంతా సరిగా ఉంటే ఆఫ్ చేసి, వాల్వులు వాటి వాటి చోట్ల పెట్టండి. పుల్లలు సన్నవి, వంకరగా నొక్కితే గాజు చిట్లుతుంది.

మళ్ళీ ఆన్. రెసిస్టరు అడ్డం ఉంది కాబట్టి సెట్టు నీరసంగా పలుకుతుంది, కానీ పలకాలి. స్పీకరులో సన్నని సుయ్‌మనే చప్పుడొస్తే సగం గెలిచారు. వాల్యూమ్ కంట్రోలు మధ్య కాడని స్క్రూడ్రైవరు మొనతో తాకి, ఆ ఇనుముకి మీ వేలు ఆన్చండి. బుర్‌ర్‌మంటే డీఏఎఫ్, డీఎల్, స్పీకరు మూడూ మంచివే. అప్పుడు రెసిస్టరు తీసేసి దాని చోట మిల్లీ ఆంపియర్ల మీద పెట్టిన మీటరు ఉంచండి. 8 నుంచి 15 మధ్య ఉంటే హాయిగా వినండి. 20 దాటితే ఆఫ్ చేసి ఆ గ్రిడ్డు కండెన్సరు, బయాస్ రెసిస్టరు మళ్ళీ చూడండి.

కొన్నాళ్ళు బాగా పలికి, ఒక సాయంత్రం స్టేషన్లన్నీ ఒక్కసారిగా మాయమై సుయ్‌ మాత్రం మిగిలిందా? వాల్వు పోయిందని ఏడవకండి. టార్చి సెల్లు నీరసించింది. ఫిలమెంటు వోల్టేజి తగ్గితే అన్నిటికంటే ముందు డీకే వాల్వులో స్టేషన్ ఫ్రీక్వెన్సీని మార్చడానికి పనికొచ్చే ఆసిలేటర్ ఆగిపోతుంది. కొత్త సెల్లు వేస్తే చాలు.

స్పీకరు సంగతి

డీఎల్ 92 వాల్వు 90 వోల్టుల మీద ఇచ్చేది సుమారు 270 మిల్లీ వాట్లు, డీఎల్ 96 అయితే 200. పావు వాటు! ఇప్పటి బల్ల స్పీకర్లు దీన్ని వినిపించుకోనే వినిపించుకోవు. పాతకాలం పలచని కాగితపు శంకువు స్పీకర్లే ఆ పావు వాటుని వసారా దాటించేవి. అందుకే సెట్టుతో వచ్చిన స్పీకర్ని ఎంత చిరిగినా పారేయకండి.

శంకువుని రెండు బొటనవేళ్ళతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. బరబరమని రాసుకుంటే మధ్యలో ఇనప రజను గానీ చెద మట్టి గానీ చేరింది. సన్నని కాగితం ముక్కకి జిగురు టేపు చుట్టి ఆ సందులో తిప్పితే అంటుకుని వచ్చేస్తుంది. చిరుగుల్ని పలచని పేపరు ముక్కతో, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో అతకండి. జిగురు దట్టంగా పూస్తే అక్కడ శంకువు బరువెక్కి గొంతు మారిపోతుంది. ముందరి గుడ్డ చిరిగిపోతే పొందూరు ఖద్దరు వేశాను నేను. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి కదా, సన్నగా ఉంటుంది. ఏ గుడ్డైనా నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. ఊపిరి సాఫీగా అవతలికి పోతే పాటా పోతుంది.

స్పీకరుకీ వాల్వుకీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. మన తీరంలో ఎక్కువగా పోయేది ఇదే. దాని ప్రైమరీ (వాల్వు వైపు చుట్ట) తీగ జుత్తు కంటే సన్నన, ఉప్పుగాలికి చిలుము పట్టి తెగుతుంది. సెట్టు నుంచి విడదీసి 1.5 వోల్టుల సెల్లు కొసల్ని ప్రైమరీకి తాకించి తీయండి. స్పీకరు టక్కుమంటే రెండూ మంచివే. వైర్ల చివరలు చేత్తో పట్టుకోవద్దు, తీసేటప్పుడు చిన్న దెబ్బ కొడుతుంది. టక్కు రాకపోతే, మీటరు ఏమీ చూపకపోతే, తెగింది. కొత్తది చుట్టించడం ఇప్పుడు గగనం. కానీ మన ఊళ్ళో పెళ్ళిళ్ళకీ అమ్మవారి సంబరాలకీ మైకుసెట్లు కట్టేవాళ్ళ దగ్గర 100 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, దూరపు బాక్సుల కోసం వాడేవి. దాని 1 వాటు కాడ (వైరు తగిలించే కొస) 10 వేల ఓమ్‌లు, 2 వాట్ల కాడ 5 వేల ఓమ్‌లు. డీఎల్ 92కి ఈ రెండింటిలో ఏది బాగుంటే అది, డీఎల్ 96కి 1 వాటు కాడ. నేను పాలకొండలో ఒక మైకుసెట్టు ఆయన్ని అడిగితే, “ఇది దేనికి బావూ, రేడియోకా?” అని నవ్వి పాతది ఊరికే ఇచ్చేశాడు.

ఇక అసలు పాత స్పీకర్లు. ఇవి మన వైపు అరుదే కానీ జమీందారీ ఇళ్ళ సామాన్లలో ఎప్పుడైనా తగులుతాయి, అదీ గ్రామఫోను బాకా అనుకుని ఇత్తడి బరువుకి అమ్మేస్తుంటే. తేడా తేలిక. గ్రామఫోను బాకా కొసన సూది పెట్టే డబ్బా తగిలించే చోటు ఉంటుంది. రేడియో బాకాకి అడుగున బరువైన గుండ్రటి దిమ్మ, దాంట్లోంచి రెండు వైర్లు, పక్కన ఒక తిప్పే మర. 1920లలో స్పీకరంటే అదే. దిమ్మలో ఉన్నది పెద్ద టెలిఫోను రిసీవరే: అయస్కాంతం, దాని మీద వెయ్యి ఓమ్‌లకి పైబడిన సన్నని చుట్టలు, ఎదురుగా పలచని ఇనప బిళ్ళ. బిళ్ళ వణికితే బాకా దాన్ని గదిలోకి మోస్తుంది. పక్క మర అయస్కాంతాన్ని బిళ్ళకి దగ్గరగా, దూరంగా జరుపుతుంది. దగ్గరైతే గొంతు పెరుగుతుంది, మరీ దగ్గరైతే బిళ్ళ అతుక్కుని గిలక్కాయలా మోగుతుంది. ఆ అతుక్కునే చోటు దాకా పోయి, ఒక వెంట్రుకవాసి వెనక్కి రావాలి.

బాకా తర్వాత ఇనప రీడు (సన్నని పట్టీ) కాగితపు శంకువుని సూదితో లాగే స్పీకర్లు వచ్చాయి. ఇవి కూడా ఎక్కువ ఓమ్‌లవే. రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో తీగచుట్టే కదిలే స్పీకర్ని చూపించాక మిగతావి మెల్లగా తెరమరుగయ్యాయి. మీ ఫోనులో, టీవీలో, మైకుసెట్టు బాక్సులో ఇప్పటికీ ఉన్నది ఆ పద్ధతే.

బాకాగానీ రీడు స్పీకరుగానీ దొరికితే ముందు మీటరుతో ఓమ్‌లు చూడండి. వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు, ఏదో ఒకటి రావాలి. 1.5 వోల్టుల సెల్లు తాకిస్తే ఠక్కుమని గదిలో వినిపించాలి. అప్పటి సెట్లలో వాల్వు కరెంటు నేరుగా ఈ చుట్టల్లోంచే పోయేది. అందుకే వైర్ల మీద ప్లస్ మైనస్ గుర్తులుండేవి. తిరగేసి కలిపితే ఆ కరెంటు అయస్కాంతానికి ఎదురు పనిచేసి క్రమంగా దాని బలం తీసేస్తుంది. మనకి ఆ తంటా ఎందుకు? అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ని అలాగే ఉంచి, దాని స్పీకరు వైర్లు విప్పేయండి. డీఎల్ వాల్వు ఆనోడు నుంచి 1 మైక్రోఫారడ్, 400 వోల్టుల పాలియెస్టర్ కండెన్సరు గుండా బాకా ఒక కొసకి, రెండో కొస షాసీకి. పాట పోతుంది, డీసీ పోదు. చుట్ట మాడే భయం, అయస్కాంతం నీరసించే భయం రెండూ ఉండవు.

గొంతు ఎలా ఉంటుందంటారా? వార్తలు చదివేవాళ్ళ మాట మనిషి ఎదురుగా నిలబడి చెప్పినట్టు వినిపిస్తుంది. మృదంగం మాత్రం అట్టపెట్టె మీద వాయించినట్టే, కింది శ్రుతులు బాకాకి అందవు. వయొలిన్ అద్భుతం. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు పాఠం చెప్పిన ఊరి నీళ్ళు తాగినవాణ్ణి కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉందేమో.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి పెట్టె దొరకగానే లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేస్తున్నారు. కొత్త పెట్టె వడ్రంగి చేత చేయించుకుని అందులో పెట్టుకోండి. వాల్వులు తెగినా షాసీ షాసీగా ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో బాగు చేసుకుంటారు.

ఏరియల్, ఎర్త్, పిడుగు

బల్ల మీద పెట్టే ఈ సెట్లకి బయట తీగ కావాలి. పది పదిహేను మీటర్ల రాగి తీగ రెండు కొబ్బరి చెట్ల మధ్య, లేదా డాబాకీ చెట్టుకీ మధ్య కట్టండి. రెండు కొసల్లోనూ పింగాణీ గుబ్బలు వేసి నైలాన్ తాడుతో లాగండి. తడి మట్ట తీగని తాకకూడదు, చెట్టు ఊగుతుంది కాబట్టి కొంచెం వదులు ఉంచండి. ఎర్తుకి నూతి పక్కన తడి నేలలో మీటరు లోతున ఇనప గొట్టం దిగేస్తే సరి.

పాత డయళ్ళ మీద మీటర్లే ఉంటాయి. మూడు లక్షల్ని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు. ఆకాశవాణి విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్, అంటే 324 మీటర్ల దగ్గర. విజయవాడ 837, 358 దగ్గర. హైదరాబాద్ 738, 406 దగ్గర. పక్కనే 972లో కటక్. పగలు విశాఖ తప్ప మిగతావి పలచగానే ఉంటాయి. పొద్దుగూకాక ఆకాశంలో రేడియో తరంగాల్ని మింగేసే కింది పొర చెదిరి, పై పొర నుంచి తరంగాలు వెనక్కి తిరుగుతాయి, అప్పుడు దూరపువి దగ్గరికొస్తాయి. చప్పుడు ఎక్కువగా ఉంటే ముందు మీ ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు ఆపి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో బంధువుల ఇంట్లో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. కొబ్బరితోటలన్నీ పడిపోయి ఉన్నాయి, తీగ కట్టడానికి చెట్టు కూడా లేదు, గోడ మీదుగా వేశాను. చుట్టుపక్కల ఒక్క ఛార్జరు లేదు కదా, అంత శుభ్రమైన మీడియం వేవ్ నేను అంతకుముందు వినలేదు. సాయంత్రం వార్తలకి వీధిలో వాళ్ళంతా వచ్చి కూర్చున్నారు.

వేసవి ఉరుములకి మాత్రం ఈ తీగ ప్రమాదం. విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగు హెచ్చరిక ఫోనుకొచ్చినా, పడమర ఆకాశం నల్లబడినా, ఏరియల్ వైరు సెట్టు నుంచి పీకి, ఇంటి బయటే ఎర్తు గొట్టానికి చుట్టేయండి. ఉరుము మొదలయ్యాక కాదు, ముందే.

వినడం నాలుగు రోజులు ఆపుతున్నారంటే టార్చి సెల్లూ 9 వోల్టుల దండా బయటికి తీసేయండి, లోపల కారితే మళ్ళీ మొదటికే వస్తుంది. తీసేముందు రెండు జతల వైర్లకీ రెండు రంగుల దారం కట్టండి. 90 వోల్టులకి ఎర్రది. నా సెట్టుకి ఎర్రదారంతో పాటు ఒక అట్టముక్క కూడా వేలాడుతూ ఉంటుంది, పెదనాన్న మాట దాని మీద రాసి: “ఏటీ తగిలించీకు.”